కాల్ బాయ్ రాని రాత్రులు

మా హాల్లో గోడ గడియారం మీద ఒక పాత తువ్వాలు కప్పి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు పాడైందా అని అడుగుతారు. పాడవలేదు. నేను రిటైరైన రోజున మా వాళ్ళంతా చందాలేసుకుని కొనిచ్చిన గడియారం అది, నిమిషం తేడా లేకుండా నడుస్తోంది. నా చూపు దాని మీద పడకూడదని మా ఆవిడ కప్పింది. బయటికి వెళ్ళేటప్పుడు తువ్వాలు కొంచెం ఎత్తి టైము చూసుకుని మళ్ళీ దించేస్తుంది.

నేను గూడ్స్ గార్డుని. వాల్తేరు డివిజన్లో 1987లో చేరి 2021లో దిగాను. ఆ మరుసటి ఏడాదే గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. నాకెందుకో ఆ పేరు మా ఆఫీసులో ఏసీ గదిలో కూర్చునేవాడిది అనిపిస్తుంది. నేను గార్డునే.

నా సర్వీసు సగం పైగా కేకే లైన్లోనే గడిచింది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, 58 సొరంగాలు. బైలదిల్లా ఇనుప ఖనిజం కిందికి దింపడానికి జపాన్ వాళ్ళ సాయంతో 1960ల్లో వేసిన లైను. అరకు వెళ్ళేవాళ్ళు కిటికీల్లోంచి ఫోటోలు తీసుకుంటారు కదా, మేము అదే దారిలో ఖాళీ వ్యాగన్ల వెనక, బ్రేక్ వ్యాన్లో, ఒంటరిగా, రాత్రుళ్ళు పైకి వెళ్ళేవాళ్ళం. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎదురుగా లోడు బండి వస్తోందంటే మా బండిని పక్కనుండే లూప్ లైన్లో పెట్టేసేవారు. అర్ధరాత్రి దాటాక చలి, పొగమంచు, చేతిలో దీపం. గార్డు కునుకు తీయకూడదు. ఎదుటి బండి దాటేటప్పుడు సిగ్నల్ చూపించాలి, చక్రాల దగ్గర నిప్పులు గానీ వేలాడేవి గానీ ఉన్నాయేమో చూడాలి. మూడు గంటల వేళ నిద్ర మెడ మీద చెయ్యేసి వంచేసేది. సీసాలో నీళ్ళు మొహాన కొట్టుకునేవాణ్ణి, వ్యాన్ వరండాలోకొచ్చి నిలబడి తెలిసిన పద్యాలన్నీ పైకే చదివేవాణ్ణి. దేవుణ్ణి అప్పుడు ఇంకేమీ అడగలేదు. ఒక్క గంట నిద్ర, అంతే.

డ్యూటీ దిగి రన్నింగ్ రూమ్‌కి, అంటే బండి సిబ్బంది పడుకునే చోటికి వెళ్తే మాత్రం, పక్క మంచం మీద ఎవరు గురక పెడుతున్నా, కిటికీ పక్కనే ఇంజన్లు షంటింగు చేస్తున్నా, దుప్పటి ముసుగు తన్నేలోపే నిద్ర. ఇంటి దగ్గరైతే కాల్ బాయ్ వచ్చేవాడు. ఈ కాలం పిల్లలకి తెలీదు, సైకిలేసుకుని బండి టైముకి రెండు గంటల ముందు ఇంటికొచ్చి, తలుపు కొట్టి, కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకుపోయేవాడు. తర్వాత ఫోన్లొచ్చాయి. మా ఆవిడకి పెళ్ళైన కొత్తలో అర్ధరాత్రి సైకిల్ బెల్లు వింటే గుండె దడ. నాకు మాత్రం సంతకం పెట్టాక కూడా, లేవాల్సిన టైము దాకా మిగిలిన ఇరవై నిమిషాలూ నిద్రపోగలిగేంత నేర్పుండేది. నిద్ర గురించి నాకొకరు పాఠం చెప్పాల్సొస్తుందని ఎవరన్నా అంటే నవ్వేవాణ్ణి.

జబ్బు సంగతి గబగబా చెప్పేస్తాను. 2022 సంక్రాంతి నాటికి విరేచనంలో రక్తం. మొలలనుకుని మూడు నెలలు కంద కూర తిన్నాను. కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగులో క్యాన్సర్. జూన్‌లో ఆపరేషన్, ఆ తర్వాత మూడు వారాలకోసారి చొప్పున ఎనిమిది కీమోలు. 2023 జనవరిలో ఆఖరిది. దాని గురించి ఇంకా రాయాలంటే రాయొచ్చు కానీ, ఆ రోజుల్లో మనచుట్టూ మనుషులుంటారు. ఎక్కించేవాడొకడు, దింపేవాడొకడు, రాగిజావ పట్టుకొచ్చే వదినలు. చెప్పాల్సింది ఆ తర్వాతి సంగతి.

కీమో రోజుల్లోనూ నిద్ర చెడేది, అయితే దానికి కారణం తెలుసు. వాంతులు కాకుండా ముందే ఒక స్టెరాయిడ్ ఇస్తారు, డెక్సామెథాసోన్. అది పడిన రాత్రి నాకు ఒంట్లో వెయ్యి వాల్టులు. ఒకసారి రాత్రి ఒంటి గంటకి స్టూలేసుకుని సీలింగ్ ఫ్యాన్ రెక్కలు తుడిచాను. మా ఆవిడ లేచొచ్చి, కింద నిలబడి, "ఏటండీ, ఆపరేషన్ చాల్లేదా, కాళ్ళు కూడా ఇరగ్గొట్టుకుంటారా?" అంది. రెండు రోజులకి ఆ ఊపు దిగిపోయేది. అప్పుడు నిద్ర రావడం, రాకపోవడం ఒక లెక్కలో జరిగేవి.

కీమోలయ్యాక స్కాన్ చేసి, రిపోర్టు చూసి, డాక్టరుగారు "అంతా బాగుందండీ, ఇక మూడు నెలలకోసారి రండి" అన్నారు. ఆటోలో వస్తూ కంచరపాలెం దగ్గర ఆపి స్వీట్లు కొన్నాం. సరిగ్గా ఆ రాత్రి నుంచే నిద్ర దూరమైంది. అదేమిటో చాలామందికి అర్థం కాదు. భయపడాల్సినప్పుడు పడుకున్నవాడు, భయం తీరాక ఎందుకు లేచి కూర్చున్నాడు? నాకు తెలిసినంతలో చెప్తాను. వైద్యం నడుస్తున్నంతసేపూ మందేదో పని చేస్తోంది, ఎవరో మనల్ని చూస్తున్నారు. ఆపాక మనమే కాపలా. బండి స్టేషను దాటేసింది, ఇక వచ్చే స్టేషను దాకా వెనకాల వ్యాన్లో నేనొక్కణ్ణే.

పదిన్నరకి కళ్ళు మూతలు పడేవి. రెండూ నలభైకి టక్కున తెరుచుకునేవి. రోజూ రెండూ నలభయ్యే. గోడ మీద రేడియం ముళ్ళు ఆకుపచ్చగా మెరుస్తూ కనిపించేవి. ముందు చెయ్యి కడుపు మీదికి వెళ్ళేది. కుట్టు బొడ్డు పైనుంచి కిందికి, వేలితో తడిమితే తాడులా తగులుతుంది. దానికి ఎడంపక్క కొంచెం నొక్కితే నొప్పి. ఇది నిన్నటి నొప్పేనా? నిన్న ఇంత ఉందా? మళ్ళీ నొక్కేవాణ్ణి. పదిసార్లు నొక్కితే ఏ కడుపైనా నొప్పి పెడుతుందని పగలు తెలుసు, రాత్రి తెలీదు. ఈలోగా అరికాళ్ళు మొదలు. కీమోలో ఎక్కించిన ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరాలని దెబ్బతీస్తుంది. కీమో ఆపేశాక తగ్గుతుందనుకుంటే, కొందరిలో ఆపాక కూడా కొన్ని నెలలు పెరుగుతుందట. నాకు పెరిగింది. చీమలు పాకినట్టు, ఇసుక మీద నిలబడినట్టు. దుప్పటి తగిలితే మంట, తీసేస్తే చలి. పడుకోవడమే ఒక డ్యూటీ అయిపోయింది.

నిద్ర పట్టడానికి సొరంగాలు లెక్కపెట్టేవాణ్ణి. కొత్తవలసలో బయలుదేరి, శృంగవరపుకోట దాటి, ఒక్కో సొరంగం, దాని పొడవు, లోపల నీళ్ళు కారే చోటు, బయటపడగానే వచ్చే వంతెన. ఎవరికైనా ఇరవై దాటేలోపు నిద్ర రావాలి. నేను 58 పూర్తి చేసి, కిరండూల్లో దిగి, టీ తాగి, లోడుతో తిరుగు ప్రయాణం కూడా కట్టేవాణ్ణి. మర్రిపాలెంలో మా ఇంటికి యార్డు దగ్గర. నాలుగింటికి ఏదో గూడ్సు హారన్ కొట్టేది. నిజం బండి కన్నా నేనే ముందొచ్చేశానన్నమాట.

పగలంతా నీరసం. చుట్టాలు, పక్కవాళ్ళు అందరిదీ ఒకటే మాట, "రెస్ట్ తీసుకో." సరే అని మధ్యాహ్నం రెండు గంటలు, సాయంత్రం ఇంకో గంట నడుం వాల్చడం. రాత్రి నిద్ర లేదు కాబట్టి తొమ్మిదికే పక్క ఎక్కడం. జాజికాయ అరగదీసి పాలల్లో తాగాను, గసగసాల పాయసం తిన్నాను, అరికాళ్ళకి కొబ్బరినూనె రాయించుకున్నాను. నూనె వల్ల మంటకి కాస్త హాయి, అంతవరకు నిజం. చివరికి ఒక డాక్టరు నిద్రకి అల్ప్రాజోలం మాత్రలు పదిరోజులకి రాశారు. మొదటి వారం స్వర్గం. పది రోజులన్న మాట నేను మర్చిపోయాను. అదే పాత చీటీ పట్టుకెళ్తే మందుల షాపులో ఇచ్చేశారు, అలా అయిదు నెలలు. వాళ్ళననడం ఎందుకు, చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళింది నేను. మాత్ర ఒకటి కాస్తా రెండైంది, నిద్ర మాత్రం పాత చోటుకే వచ్చింది. ఒకరోజు రోషమొచ్చి ఒక్కసారిగా మానేశాను. అది చెయ్యకూడని పని. రెండు రాత్రులు చెమటలు, గుండె దడ, చేతులు వణుకు, ఇది క్యాన్సర్ తిరగబెట్టడమే అని తీర్మానించుకున్నాను. తర్వాత డాక్టరు చూసి, సగం, పావు అంటూ కొన్ని వారాలపాటు దించారు.

ఇంత జరుగుతున్నా, మూడు నెలలకోసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు క్యాన్సర్ డాక్టరుగారికి నిద్ర గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఆకలేస్తోందా, విరేచనం అవుతోందా, బరువెంత, అంతే. బయట శ్రీకాకుళం నుంచి, కోరాపుట్ నుంచి తెల్లారగట్ల బయలుదేరి వచ్చినవాళ్ళు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంటారు. వాళ్ళ ముందు నేను లోపలికెళ్ళి, "అయ్యా, నిద్ర సరిగ్గా పట్టడం లేదు" అనడానికి నోరు రాదు. ప్రాణం పోశారు, ఇంకా నిద్ర కూడా కావాలా అన్నట్టుంటుంది. ఈ సిగ్గే మమ్మల్ని పాడు చేసింది.

మమ్మల్ని అని ఎందుకన్నానంటే, నాతోపాటు కీమో ఎక్కించుకున్న నర్సీపట్నం చెల్లమ్మ ఒకావిడ ఉంది, బట్టలు కుడుతుంది. ఆవిడది రొమ్ము క్యాన్సర్. పక్క పక్క కుర్చీల్లో ఆరు నెలలు కూర్చున్నాం కాబట్టి ఫోన్ చేసుకుంటుంటాం. ఒకసారి మాటల్లో "అన్నయ్యా, మూడు గంటలకి మీరేం చేస్తారు?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా టామోక్సిఫెన్ అనే మాత్ర వేసుకుంటుంది. దాంతో రాత్రుళ్ళు ఒళ్ళంతా ఒక్కసారి ఆవిరి పట్టినట్టు వేడెక్కి, నైటీ తడిసిపోయి, ఫ్యాన్ పెంచితే వాళ్ళాయనకి చలి, తగ్గిస్తే ఈవిడకి ఉడుకు. మూడింటికి లేచి మిషను తొక్కేదట. వీధివాళ్ళు ఆవిడకి గిరాకీ బాగా పెరిగిందనుకున్నారట. ఆవిడా డాక్టరుకి చెప్పలేదు. ఇద్దరం ఫోన్లో ఒట్టు వేసుకున్నాం, ఈసారి వెళ్ళినప్పుడు చెప్పి తీరాలని.

చెప్పాను. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, "ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ?" అన్నారు. మామూలు జనంతో పోలిస్తే క్యాన్సర్ వచ్చినవాళ్ళలో నిద్రలేమి కనీసం రెండింతలు ఎక్కువట, వైద్యం ముగిశాక ఏళ్ళ తరబడి కూడా ఉండొచ్చట. రక్తపరీక్ష చేయిస్తే ఫెరిటిన్ బాగా తక్కువ. ఐరన్ నిల్వలు తగ్గితే రాత్రుళ్ళు కాళ్ళు కదపకుండా ఉండలేకపోవడం వస్తుందట, అందుకు మందిచ్చారు. అరికాళ్ళ మంటకి డులాక్సెటిన్, అది పొద్దున్నే వేసుకోమన్నారు, రాత్రి వేసుకుంటే ఉన్న నిద్ర చెడే ప్రమాదం ఉందని. మా ఆవిణ్ణి లోపలికి పిలిచి నేను గురక మధ్యలో ఊపిరి ఆపేస్తున్నానా అని అడిగారు. "ముందు నిద్రపోతే కదండీ గురక" అంది. తర్వాత ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

సైకాలజిస్టంటే నాకు పిచ్చి డాక్టరే. వెళ్తే మా కోడలి వయసమ్మాయి. నా కథంతా విని మాత్ర రాయలేదు, ఒక కాగితం ఇచ్చింది. పక్క ఎక్కిన టైము, నిద్ర పట్టిన టైము, మెలకువలు, లేచిన టైము రాసుకు రమ్మంది. ఆ అమ్మాయికి తెలీదు, నేను ముప్ఫై నాలుగేళ్ళు చేసిన పని అదే. గార్డు జర్నల్లో ప్రతి స్టేషనుకీ రాక, పోక, ఆగిన కారణం రాస్తాం. వారం తర్వాత చూపించాను: "21:30 పక్క మీదికి రాక. 22:40 నిద్ర బయలుదేరింది. 02:40 నిలిచింది. కారణం: సిగ్నల్ లేదు. 05:30 మళ్ళీ కదిలి 06:00కి ఆగింది. 06:30 పక్క ఖాళీ." అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది, కానీ లెక్క మాత్రం కట్టింది. తొమ్మిది గంటలు పక్క మీద ఉంటే నిద్రపోయింది నాలుగున్నర. అంటే సగానికి సగం. కనీసం 85 శాతమైనా ఉండాలట.

ఇక చెప్పిన వైద్యం వింటే మా ఆవిడకి కోపమొచ్చింది. రాత్రి 12 దాకా పక్క ఎక్కకూడదు. పొద్దున 5:30కి లేచి తీరాలి, నిద్ర పట్టినా పట్టకపోయినా, ఆదివారమైనా. పగలు నడుం వాల్చకూడదు. పక్క మీద మెలకువగా ఉండిపోయినట్టనిపిస్తే, సుమారు ఇరవై నిమిషాలు, గడియారం చూడకుండానే, లేచి వేరే చోటికి వెళ్ళి కూర్చోవాలి. కళ్ళు బరువెక్కితేనే తిరిగి రావాలి. "నిద్రలేని మనిషిని ఇంకా మేలుకోమంటారేటి, ఇదేం వైద్యం?" అంది దారి పొడవునా. ఇది ఆ అమ్మాయి సొంత కవిత్వం కాదు. మా అబ్బాయి వెతికి చెప్పాడు. పక్కని నిద్రకే పరిమితం చేయాలన్న పద్ధతి రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికా సైకాలజిస్టు 1972లో చెప్పిందట, పక్క మీద టైము కోసేయడం ఆర్థర్ స్పీల్‌మన్ అనే ఆయన 1980ల్లో తెచ్చిందట. ఇవన్నీ కలిపి సీబీటీ-ఐ అంటారు, మందుల్లేకుండా అలవాట్లూ ఆలోచనలూ మార్చి నిద్రలేమిని తగ్గించే వైద్యం. పాత నిద్రలేమికి మాత్రలకంటే ముందు దీన్నే వాడమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. మరి 2023లో నాకు ముందు మాత్రే ఎందుకొచ్చింది అంటే, మాత్ర రాయడానికి అర నిమిషం చాలు. ఈ అమ్మాయి ఒక్కో రోగితో ముప్పావుగంట కూర్చుంటుంది.

మొదటి రెండు వారాలూ నరకం. పదకొండు గంటలకి కుర్చీలో తల వేలాడిపోయేది. శిమిలిగూడ లూప్ లైన్లో ఎంత నిద్ర ముంచుకొచ్చేదో అంతే నిద్ర, అదే మెడ వంచడం. మళ్ళీ మొహాన నీళ్ళు, మళ్ళీ పద్యాలు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని, నేను జోగితే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేది. స్కూటరు ఎక్కవద్దని ముందే చెప్పారు, తాళం మా ఆవిడ కొంగున కట్టుకుంది. రెండూ నలభైకి లేస్తే వరండాలో ప్లాస్టిక్ కుర్చీ. గడియారానికి తువ్వాలు కప్పింది ఆ వారంలోనే. గార్డుకి గడియారం చూడొద్దంటే వంటమనిషికి ఉప్పు రుచి చూడొద్దన్నట్టే, పక్క మీంచి కూడా మెడ తిప్పి చూసేవాణ్ణి. తువ్వాలే కనిపించేది. నాలుగో వారం ఒకరోజు కళ్ళు తెరిస్తే కిటికీలో వెలుతురు. టైము తెలీదు. మా ఆవిడ పాలు పొంగిస్తోంది. మొట్టమొదట అనిపించిన మాట, "అయ్యో, కాల్ మిస్సయ్యాను."

స్పీల్‌మన్‌దే ఇంకో మాట ఆ అమ్మాయి చెప్పింది, అది నాకు బాగా పట్టింది. నిద్రలేమికి మూడు రకాల కారణాలట: మనిషిలో ముందు నుంచీ ఉన్నవి, పైనుంచి వచ్చి పడినవి, మనం చేసి నిలబెట్టేవి. మా రైల్వేలో ప్రమాదం జరిగితే ఎంక్వయిరీ వేసి ప్రైమరీ బాధ్యత ఎవరిది, సెకండరీ ఎవరిది అని తేలుస్తారు కదా, అలా తేల్చుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ నైట్ డ్యూటీ ఉంది, సరే. క్యాన్సర్, స్టెరాయిడ్, నరాలు, సరే. వాటిని నేనేం చెయ్యలేను. కానీ పగటి కునుకులు, తొమ్మిదింటికే పక్క, పాత చీటీ, రాత్రి కడుపు నొక్కుకోవడం, ఇవి నా సంతకంతో నడిచినవి. ఎంక్వయిరీ నా మీద తేలినా నాకు బాధనిపించలేదు. మనం చేసింది మనమే ఆపొచ్చు.

నిద్ర 85 శాతం దాటినప్పుడల్లా పావుగంట పెంచుతారు. నాకు మూడు పావుగంటలొచ్చాయి, ఇప్పుడు నా టైము 11:15 నుంచి 5:30. అరికాళ్ళలో ఇసుక ఇంకా ఉంది, మంట తగ్గింది. నర్సీపట్నం చెల్లమ్మకి డాక్టర్లు వేడి ఆవిర్లకి వేరే మందు కలిపారు. మిషను పగలే తొక్కుతోంది, గిరాకీ తగ్గిందా అని వీధివాళ్ళు అడుగుతున్నారట.

పరీక్షలు దగ్గర పడితే మాత్రం బండి పట్టాలు తప్పుతుంది. వచ్చే గురువారం సీఈఏ అని, క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే రక్తపరీక్ష ఉంది. నిన్న రాత్రి రెండున్నరకో మూడింటికో లేచి వరండాలో కూర్చున్నాను. ఎన్నింటికో సరిగ్గా చెప్పలేకపోవడం నాకు గొప్పగానే ఉంది. చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది, ఒకసారి నొక్కి తీసేశాను.

ఇది కాగితం మీద రాస్తున్నాను, రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మా ఆవిడ దగ్గరే ఉంటుంది. రేపు మా అబ్బాయి టైపు చేస్తాడు. నేను జోగకుండా ఉండాలని మా ఆవిడ రేపటి చిక్కుడుకాయలు ఈనెలు తీయమని ముందు పడేసింది, సగమయ్యాయి. యార్డు వైపు ఏదో గూడ్సు హారన్ కొట్టి ఆగింది. లోపల్నుంచి తువ్వాలెత్తి చూసి ఇంకా పావుగంటుందని కేకేస్తోంది.